చిన్న ట్రాక్టరు టైరు ఇంటి దగ్గరే ఎక్కించుకోవడం ఎలా

విశాఖ దగ్గర పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు కూరగాయల మడుల్లో, పూలతోటల్లో, మామిడి, జీడితోటల్లో చిన్న ట్రాక్టర్లు బాగానే తిరుగుతున్నాయి. టైరు పోయిందంటే చక్రం ఊడదీసి ఆటోలో వేసుకుని హైవే మీది పంచర్ షాపుకి పట్టుకెళ్ళాలి. అక్కడ నాలుగు లారీలు ఆగి ఉంటే మన చక్రం సాయంత్రం దాకా గోడకి ఆనుకుని చూస్తూ ఉండాల్సిందే. వాన పడి దుక్కి అదునుకొచ్చిన రోజున ఇంకా చిరాకు.

ఈ పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. 5.20-14, 6.00-12 లాంటి చిన్న సైజు టైర్లయితే ఒక్కరే చేసేసుకోవచ్చు. వెనక 8.00-18, 8.3-20 అయితే ఇంకో మనిషి తోడుండాలి. పెద్ద ట్రాక్టర్ల 12.4-28, 13.6-28 వెనక టైర్ల జోలికి మాత్రం ఇంట్లో వెళ్ళొద్దు. వాటి బరువే వేరు, అవి షాపు పనే.

మన దగ్గర చిన్న ట్రాక్టర్లకి ఎక్కువగా ట్యూబు టైర్లే ఉంటాయి కాబట్టి ముందు వాటి సంగతే చెబుతాను. ట్యూబ్‌లెస్ ముచ్చట చివర్లో.

కొనేటప్పుడు చూడాల్సినవి

టైరు పక్కన ఉన్న అంకెలు, రిమ్ము మీద కొట్టి ఉన్న అంకెలు కలవాలి. 8.3-20 అంటే టైరు వెడల్పు 8.3 అంగుళాలు, రిమ్ము వ్యాసం 20 అంగుళాలు. వెడల్పులో కొంచెం అటూ ఇటూ అయినా నడిచే సందర్భాలుంటాయేమో గానీ రెండో అంకెలో రాజీ లేదు. 14 అంగుళాల టైరుని 15 రిమ్ము మీద ఎలాగోలా లాగేద్దామనుకుంటే, గాలి కొట్టేటప్పుడు టైరు అంచులోని ఉక్కు తీగలు తెగిపోతాయి. అప్పుడు పోయేది టైరు ఒక్కటే కాదు.

టైరు పక్కన నాలుగంకెల తయారీ గుర్తు వెతకండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో చేసిందని. దుకాణం వెనక గదిలో ఏళ్ళ తరబడి పడి ఉన్న టైరు పైకి నల్లగా మెరుస్తూనే ఉంటుంది, అంచు దగ్గర వంచి చూస్తే సన్నటి పగుళ్ళు బయటపడతాయి. అచ్యుతాపురంలో 2022 ఆగస్టు నుంచి యోకోహామా వాళ్ళ ఏటీసీ ఫ్యాక్టరీలో పొలం బళ్ళ టైర్లు తయారవుతున్నాయి. అయినా టైరు ఎంత దగ్గర్లో పుట్టినా దుకాణంలో ఎన్నాళ్ళు కూర్చుందో ఆ నాలుగంకెలే చెప్పాలి.

కొత్త టైరుకి కొత్త ట్యూబు వేయండి. పాత ట్యూబు సాగి ఉంటుంది. కొత్త టైరు లోపల దానికి చోటు చాలక మడత పడుతుంది. ఆ మడత దగ్గరే రాపిడికి అరిగి నాలుగు రోజుల్లో మళ్ళీ పంచర్. ట్యూబు మీద రాసిన సైజు టైరు సైజుతో సరిపోవాలి, "దగ్గర దగ్గర ఇదే సార్" అనే మాట వినొద్దు.

చక్రం దించడం

గట్టి నేల మీద బండి ఆపండి. మన ఎర్ర మట్టి ఎండలో రాయిలా ఉంటుంది, ఒక్క వాన పడితే జాకీ కిందకి దిగిపోతుంది. తీరం పక్క ఇసక నేలల్లో అయితే ఎండాకాలం కూడా నమ్మడానికి లేదు. జాకీ కింద మందపాటి చెక్క వేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, నేల మీదుండే చక్రాలకి ముందూ వెనకా దిమ్మెలు వేయండి. నట్లు కొంచెం వదులు చేశాకే బండి లేపండి, గాల్లో తిరుగుతున్న చక్రానికి పానా పట్టు చిక్కదు. లేపాక ఇరుసు కింద స్టాండు గానీ గట్టి చెక్క దిమ్మెలు గానీ పేర్చి, బరువు వాటి మీదకి దించండి. జాకీ ఒక్కదాని మీద బండిని నిలబెట్టి చక్రం దగ్గర కూర్చోకండి. వదులుగా పేర్చిన ఇటుకలు అసలు పనికిరావు, నిలువునా చీలిపోతాయి.

వెనక టైర్లలో నీళ్ళు నింపి ఉంటే చక్రం ఊడదీయక ముందే వాల్వు కిందకి వచ్చేలా చక్రం తిప్పి నీళ్ళు వదిలేయండి. నీళ్ళతో ఉన్న చక్రాన్ని ఇద్దరు మనుషులు ఆపలేరు.

ఇంకో సంగతి. కొన్ని చిన్న బళ్ళ రిమ్ములు రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో కలిపి ఉంటాయి. చక్రాన్ని బండికి పట్టే నట్లు వేరు, రిమ్ము ముక్కల్ని కలిపే బోల్టులు వేరు. గాలి ఉండగా ఈ రెండోవి విప్పితే రిమ్ము సగం ముక్క మొహం మీదకి ఎగురుతుంది. అందుకే ఏ రిమ్మయినా సరే, పానా పట్టకముందే వాల్వులో గాలిని ఆపే చిన్న పిన్ను పూర్తిగా తీసేసి గాలి మొత్తం పోనివ్వండి. ఆ తర్వాత ఓ సన్నటి తీగ వాల్వులోకి దూర్చి చూడండి, మట్టో తుప్పో అడ్డుపడి గాలి ఆగిపోయి ఉండొచ్చు.

పాత టైరు వదిలించడం

టైరు లోపలి అంచులో ఉక్కు తీగలు చుట్టి ఉండే గట్టి భాగాన్ని షాపుల్లో బీడింగ్ అంటారు. గాలి తీసేసినా అది రిమ్ముని పట్టుకునే ఉంటుంది. సముద్రం పక్క ఊళ్ళలో అయితే తుప్పు జిగురులా అతికించేస్తుంది. ముందురోజు రాత్రే రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్ళు పోసి వదిలేయండి. పొద్దున్నే మళ్ళీ ఓసారి పోయండి.

చక్రం నేల మీద పడుకోబెట్టి, టైరు పక్క మీద, రిమ్ముకి ఆనుకునేలా ఓ చెక్క పెట్టండి. ఆ చెక్క మీద జాకీ నిలబెట్టి, జాకీ తల ట్రాలీ చట్రం కింద ఆనేలా చేసి మెల్లగా లేపితే, జాకీ కిందకి నొక్కిన చోట బీడింగ్ టప్పుమని దిగుతుంది. ఒక్కచోట దిగాక చక్రం కొంచెం తిప్పి పక్కన నొక్కండి. చుట్టూ దిగాక తిరగేసి రెండో పక్క. సమ్మెటతో బాదొద్దు. దెబ్బ జారి రిమ్ము అంచుకి తగిలితే సొట్ట పడుతుంది, ఆ సొట్ట ట్యూబుని నొక్కుతూనే ఉంటుంది.

రిమ్ము సంగతి, ఇది విశాఖ వాళ్ళకి ప్రత్యేకం

లోపలి జిల్లాల్లో అయితే రిమ్ముని గుడ్డతో తుడిచి టైరు ఎక్కించేస్తారు. మనకి అలా కుదరదు. ఉప్పుగాలి రిమ్ము పైభాగాన్ని ఎంత తింటుందో అందరికీ కనిపిస్తుంది. టైరు కింద, బీడింగ్ కూర్చునే చోట జరిగేది మాత్రం టైరు ఊడదీసినప్పుడే తెలుస్తుంది. గోధుమ రంగు పొరలు పొరలుగా, వేలితో గీరితే రేకుల్లా ఊడి వస్తుంది. ఆ రేకుల అంచు బ్లేడులా ఉంటుంది. ట్యూబు దాని మీద రోజంతా నలుగుతుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మేకు గుచ్చుకోకుండానే మాటిమాటికీ పంచర్ అవుతున్న చక్రాల్లో ముందు అనుమానించాల్సింది ఈ తుప్పునే.

వైరు బ్రష్షుతో తుప్పంతా రాలగొట్టండి. తర్వాత గరుకు కాగితం. వాల్వు బయటికొచ్చే రంధ్రం చుట్టూ ప్రత్యేకంగా చూడండి, దాని అంచు పదునుగా ఉంటే ఆకురాయితో నున్నగా చేయండి. తుప్పు పట్టకుండా ముందు వేసే రెడ్ ఆక్సైడ్ ఓ పూత, అది బాగా ఆరాక పైన పెయింటు ఓ పూత. ఈ రెండు పూతలకి ఒక రోజు పోతుంది, పోనివ్వండి. తడి పెయింటు మీద టైరు ఎక్కిస్తే పెయింటు బీడింగ్‌కి అంటుకుని మళ్ళీ ఊడదీసేటప్పుడు నరకం.

రిమ్ము చిల్లు పడిందనో, పగిలిందనో వెల్డింగ్ చేయించాలంటే టైరు పూర్తిగా తీసేశాకే. గాలి తీసేశాం కదా అని టైరు ఉంచి వెల్డింగ్ పెట్టడం చాలామంది చేసే పని. ఆ వేడికి లోపలి రబ్బరు నుంచి మండే వాయువులు పుట్టి, టైరు బాంబులా పేలిన ఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. గాజువాక ఆటోనగర్‌కి రిమ్ము తీసుకెళ్ళేటప్పుడు ఒట్టి రిమ్మే తీసుకెళ్ళండి.

ఎక్కించడం

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. రెండడుగుల టైరు లివర్లు రెండో మూడో, కొసలు గుండ్రంగా నున్నగా ఉండాలి. గడ్డపార వద్దు, దాని కొస ట్యూబుని కొరుకుతుంది. బకెట్లో చిక్కటి సబ్బు నీళ్ళు, ఓ పాత పెయింటు బ్రష్షు, కొంచెం టాల్కం పౌడరు. గ్రీజు, డీజిలు, ఇంజనాయిలు టైరుకి తగలనివ్వొద్దు. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పైగా ఆరిపోయే గుణం లేదు కాబట్టి పనిలో బరువు పడినప్పుడు టైరు రిమ్ము మీద జారుతుంది. టైరు జారితే ట్యూబు కూడా తిరిగి వాల్వు మొదలంటా తెగిపోతుంది. సబ్బు నీళ్ళ గొప్పతనం ఏమిటంటే పని ఉన్నంతసేపూ జారుతాయి, పనయ్యాక ఆరిపోతాయి.

అన్నిటికంటే ముందు టైరు ఎటు తిరగాలో చూసుకోండి. పక్కన బాణం గుర్తు ఉంటుంది, బండి ముందుకెళ్ళేటప్పుడు చక్రం తిరిగే దిక్కు అది. బాణం చెరిగిపోతే, టైరుని బండికి పెట్టినట్టు నిలబెట్టి వెనక నుంచి చూడండి. పళ్ళ మొన పైకి చూస్తూ ఇంటి కప్పులా కనిపించాలి. తిరగేసి ఎక్కిస్తే పళ్ళ మధ్య మట్టి కూరుకుపోయి, తడి దుక్కిలో బండి ఉన్నచోటే తిరుగుతుంది. ముందు టైర్లకి నిలువు గీతలే ఉంటే ఈ గొడవ లేదు. నాలుగు చక్రాలూ లాగే బండైతే ముందువాటికీ ఇదే లెక్క.

ఇప్పుడు అసలు కిటుకు. రిమ్ముని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో లోతైన గాడి ఉంటుంది. అది ఊరికే పెట్టింది కాదు. బీడింగ్‌లో ఉక్కు తీగలుంటాయి కాబట్టి అది సాగదు. రిమ్ము అంచు దానికంటే పెద్దది. సాగని చిన్న చుట్టు పెద్ద అంచుని దాటాలంటే ఒకటే దారి: ఒక పక్క బీడింగ్‌ని ఆ లోతు గాడిలోకి దింపితే, ఎదురు పక్కన ఆ మేరకు సందు దొరుకుతుంది. గాజులు తొడిగేవాళ్ళు గాజుని సాగదీయరు, సబ్బు రాసి బొటనవేలు లోపలికి మడిచి చేతినే సన్నం చేస్తారు, ఇదీ అంతే. లివరు మీద ఇద్దరు వేలాడినా టైరు ఎక్కట్లేదంటే అర్థం బలం చాలట్లేదని కాదు, ఎదురు పక్క బీడింగ్ గాడిలో లేదని. ఆపి, అటువైపు మోకాలితో తొక్కి దింపండి.

రిమ్ముని నేల మీద పడుకోబెట్టండి. గాడి రిమ్ముకి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక అంచుకి దగ్గరగా ఉంటుంది. ఆ దగ్గర అంచు పైకి రావాలి. టైరు రెండు అంచులకీ, రిమ్ముకీ సబ్బు నీళ్ళు ధారాళంగా పూయండి. టైరుని ఏటవాలుగా పట్టి, కింది బీడింగ్ ఒక పక్క గాడిలో పడేలా పెట్టి తొక్కితే చాలాసార్లు లివరు లేకుండానే మొత్తం దిగిపోతుంది.

తర్వాత టైరు లోపల తడి తుడిచేసి, చేతితో చుట్టూ తడిమి చూడండి, ముల్లో రాయో ఉండిపోయిందేమో. టాల్కం పౌడరు పల్చగా చల్లండి, ట్యూబుకీ కొంచెం రాయండి. దీనివల్ల గాలి ఎక్కేటప్పుడు ట్యూబు అంటుకోకుండా సర్దుకుంటుంది. మరీ ముద్దలుగా పోస్తే ఒక మూలకి చేరి అదే రాపిడి అవుతుంది. ట్యూబులో కొంచెం గాలి కొట్టండి, ఆకారం వచ్చేటంత, సాగేటంత కాదు. వాల్వుని రిమ్ము రంధ్రం వైపుకి తెచ్చి టైరులో దూర్చి, వాల్వు బయటికి లాగి నట్టు రెండు చుట్లు మాత్రం తిప్పండి. పూర్తిగా బిగిస్తే ట్యూబు సర్దుకోవడానికి వీలుండదు. వదిలేస్తే వాల్వు లోపలికి జారిపోతుంది, దాన్ని మళ్ళీ పట్టుకోవడానికి వేళ్ళు నలగ్గొట్టుకోవాలి.

ఇప్పుడు పై బీడింగ్. వాల్వుకి ఎదురు పక్క నుంచి మొదలుపెట్టి, వాల్వు దగ్గర ముగించండి. మొదలుపెట్టిన చోట తోడున్న మనిషిని కూర్చోబెట్టి, "ఒరే తమ్ముడూ, మోకాలు తియ్యకు" అని చెప్పండి. ఆ మోకాలే బీడింగ్‌ని గాడిలో ఉంచేది. లివరుతో ఒక్కసారికి నాలుగు వేళ్ళ వెడల్పు చొప్పున అంచుని రిమ్ము దాటించండి. ఎక్కువ ఆశపడి జానెడు దూరం పట్టకండి. లివరు కొస ఎంత అవసరమో అంతే లోపలికి పోవాలి. లోతుగా దూర్చి పైకెత్తితే లివరుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి రెండు చిన్న గాట్లు పడతాయి, పాము కాటులా పక్కపక్కన. ఇంటి దగ్గర ఎక్కించిన టైరులో తొలి రోజే గాలి దిగిందంటే దాదాపు ఈ గాట్లే కారణం. చివరి మూరెడు బిగుస్తుంది. అక్కడ సబ్బు నీళ్ళు మళ్ళీ పూసి, ఎదురు పక్క గాడిలో ఉందో లేదో మళ్ళీ చూసి, రబ్బరు సుత్తితో తట్టినా దిగుతుంది.

వాల్వుని ఓసారి లోపలికి నొక్కి వదలండి. దాని మొదట్లో ట్యూబు బీడింగ్ కింద చిక్కుకుని ఉంటే ఇలా నొక్కితే బయటపడుతుంది.

గాలితో కూర్చోబెట్టడం

ఇక్కడి నుంచి పని తేలిక, ప్రమాదం ఎక్కువ. ఓ లెక్క చూడండి. 8.3-20 టైరు ఒక పక్క గోడ వైశాల్యం సుమారు 700 చదరపు అంగుళాలు. లోపల 35 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 35 పౌండ్లు) గాలి ఉంటే ఆ గోడ మీద పడే తోపు 24,500 పౌండ్లు, అంటే 11 టన్నుల పైన. లారీ టైరులో 100 పైన కొట్టేవాళ్ళకి 35 చిన్న అంకెలా కనిపిస్తుంది, అందుకే జాగ్రత్త తప్పుతారు.

ట్రాక్టరు టైరు కూర్చోబెట్టడానికి 35 పీఎస్‌ఐ, అంటే 2.4 బార్, దాటకూడదు. టైరు కంపెనీలు పెట్టే హద్దు అది. కొన్ని టైర్ల మీద ఇంకా తక్కువ రాసి ఉంటుంది, అప్పుడు ఆ అంకే హద్దు. 35 కొట్టినా కూర్చోకపోతే ఇంకో ఐదు కొట్టి చూద్దామనే ఆలోచన రానివ్వొద్దు. గాలి మొత్తం తీసి, మళ్ళీ సబ్బు పూసి, టైరుని సర్ది, మొదటి నుంచి కొట్టాలి.

చక్రాన్ని బండికి తగిలించి నట్లన్నీ బిగించాకే పూర్తి గాలి కొట్టండి. రిమ్ము ఎగరకుండా బండే పట్టుకుంటుంది. పంపు కొస వాల్వుకి తగిలించి వదిలేసే క్లిప్పు రకం ఉండాలి, గొట్టం పొడుగ్గా ఉండాలి. ఓ మూడు మీటర్ల దూరంలో, టైరు పళ్ళకి ఎదురుగా నిలబడండి. పక్క గోడకి ఎదురుగా ఎవరూ ఉండకూడదు, తెగితే గాలి తన్నేది అటే. పిల్లల్ని ముందే లోపలికి పంపేయండి, టైరు పని అంటే అందరికంటే ముందు వాళ్ళే చుట్టూ చేరతారు. కారుకి వాడే చిన్న పంపుతో ముందు టైరు నిండుతుంది గానీ వెనక దానికి ట్యాంకు ఉన్న కంప్రెసర్ కావాలి.

గాలి ఎక్కుతుంటే ఒక పక్క టప్పుమని, తర్వాత రెండో పక్క టప్పుమని చప్పుడు వస్తుంది. బీడింగ్ చోటుకి చేరింది. కానీ చెవిని నమ్మి ఊరుకోవద్దు. టైరు మీద, రిమ్ముకి దగ్గరగా చుట్టూ ఓ సన్నటి ఉబ్బు గీత ఉంటుంది. ఆ గీతకీ రిమ్ము అంచుకీ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట వేలు పట్టి, ఇంకోచోట గీత రిమ్ము కింద దాక్కుంటే అక్కడ కూర్చోలేదన్నమాట. గాలి తీసి, ఆ చోట సబ్బు పూసి మళ్ళీ కొట్టండి. ఇలా వదిలేసిన టైరు రోడ్డెక్కగానే ఊగుతుంది, అంచు దగ్గర తొందరగా చిరుగుతుంది.

సరిగ్గా కూర్చున్నాక గాలి మొత్తం ఒకసారి తీసేయండి. కష్టపడి కొట్టింది తీసేయడం ఏమిటనిపిస్తుంది. మొదటిసారి ఉబ్బినప్పుడు ట్యూబు ఎక్కడో మడతపడో, ఒకచోట సాగిపోయో ఉంటుంది. గాలి పోగానే అది లోపల సర్దుకుంటుంది. తర్వాత పిన్ను పెట్టి, నడిపే ఒత్తిడికి కొట్టి, వాల్వు నట్టు చేతి బిగువుకి బిగించండి.

ఎంత కొట్టాలి అనేది బండి పుస్తకం, టైరు పక్కన రాసింది చెబుతాయి. దుక్కిలో వెనక టైర్లకి 12 నుంచి 15 పీఎస్‌ఐ మధ్య ఉండటం మామూలు, ముందువాటికి ఎక్కువ పడుతుంది. లారీల కోసం పెట్టిన మీటరు 12కీ 16కీ తేడా సరిగ్గా చూపదు, చిన్న అంకెల మీటరు ఒకటి కొనుక్కోండి.

వెనక టైర్లలో నీళ్ళు నింపే అలవాటుంటే వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి ముప్పాతిక వంతే నింపండి, మిగతాది గాలికి. భీమిలి వైపు కొన్ని బోర్లలో ఉప్పు నీళ్ళు పడతాయి, అవి వద్దు. ట్యూబు చిన్నగా కారినా రిమ్ముకి వేసిన రెండు పూతలూ వృథా.

ట్యూబ్‌లెస్ అయితే

ఇక్కడ రిమ్ము నునుపే ప్రాణం, తుప్పు మచ్చ ఒక్కటి చాలు గాలి కారడానికి. రిమ్ముకి కొత్త వాల్వు వేయండి. కష్టం ఎక్కడంటే, అంచులు రిమ్ముకి ఆనకుండా గాలి నిలవదు, గాలి నిలవకుండా అంచులు ఆనవు. లారీల మీద సరుకు బిగించే బెల్టు ఒకటి టైరు పళ్ళ మీదుగా చుట్టూ తిప్పి బిగిస్తే, మధ్య నొక్కుకుని రెండు అంచులూ బయటికి తెరుచుకుంటాయి. వాల్వు పిన్ను తీసి గాలి వదిలితే ఒక్కసారిగా ఎక్కుతుంది. అంచులు పట్టుకోగానే, గాలి ఐదు పీఎస్‌ఐ కూడా దాటకముందే ఆపి బెల్టు తీసేసి, తర్వాత పిన్ను పెట్టి మిగతాది కొట్టండి.

ఫోనుల్లో తిరిగే వీడియోల్లో పెట్రోలో స్ప్రేనో లోపల కొట్టి అగ్గిపుల్ల గీస్తారు. టైరు ఢామ్మని కూర్చుంటుంది, చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. లోపల ఒత్తిడి ఎంతకి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. కూర్చున్న తర్వాత లోపల మిగిలిన ఆవిరి ఇంకో నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. బెల్టుతో కాకపోతే షాపుకి తీసుకెళ్ళండి.

చివరి పనులు

నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. బండి నేల మీదకి దించాక పుస్తకంలో రాసిన బిగువుకి ఇంకోసారి. కొత్తగా పెయింటు వేసిన రిమ్ము మీద ఇది మరీ ముఖ్యం, నట్టు కింద పెయింటు నలిగి బిగువు తగ్గుతుంది. తొలి రోజు ఓ రెండు గంటలు పని చేశాక ఆపి పానా వేసి చూడండి, సాయంత్రం మళ్ళీ చూడండి.

మర్నాడు పొద్దున్న, ఎండ తగలకముందు మీటరు పెట్టండి. ముందురోజు ఎండలో కొట్టిన అంకె కంటే ఒకటి తగ్గి ఉంటే అది చల్లదనం పని. మూడు నాలుగు తగ్గితే ముందు వాల్వు మూతి మీద సబ్బు నురగ పెట్టి చూడండి, పిన్ను వదులైతే బుడగలొస్తాయి, ఓ చుట్టుతో సరి. బుడగ లేదంటే చక్రం మళ్ళీ దించాల్సిందే. వాల్వు మూత మాత్రం మర్చిపోవద్దు. మూత లేని వాల్వులోకి దుక్కి మట్టి, మన ఉప్పుగాలి రెండూ చేరి పిన్నుని పట్టేస్తాయి.